లెక్కలోకి రాని తెలుగు

ఈమధ్య ఒక సాహిత్య సభలో ఒక యువ పరిశోధకుడి ప్రసంగం విన్నాను. ఆయన చేతిలో కాగితం లేదు. గోడకు తెర, తెర మీద మాటల గుంపు. కంప్యూటర్‌లోకి ఎక్కించిన తెలుగు కథల్లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో యంత్రం లెక్కకట్టి, ఎక్కువసార్లు వచ్చిన మాటను పెద్ద అక్షరాల్లో, తక్కువసార్లు వచ్చిన మాటను చిన్న అక్షరాల్లో చూపించింది. ఇల్లు, ఊరు, అమ్మ, డబ్బు, పొలం పెద్దవిగా కనిపించాయి. ‘సముద్రం’ ఒక మూల చీమంత ఉంది. దాన్ని చూపించి ఆయన, ఇంత పొడవైన తీరం ఉండి కూడా తెలుగువాడు సముద్రానికి వీపు తిప్పి బతికాడనీ, తెలుగు కథ మెట్ట కథా మాగాణి కథా అయింది గాని కడలి కథ కాలేదనీ తేల్చారు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక మాత్రం మనసు కుదుటపడలేదు. పొడంపేట గుర్తుకొచ్చింది.

మన పాఠకుల్లో చాలామందికి పొడంపేట తెలిసే ఉంటుంది. గంజాం జిల్లాలో, రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, ఇసుక మీద వెలసిన తెలుగు మత్స్యకారుల పల్లె. గడచిన రెండు దశాబ్దాల్లో కెరటం ఆ ఊరిని కొంచెం కొంచెంగా కోసుకుపోయింది. ముందు వరస ఇళ్ళు పోయాయి, తరవాత వెనక వరస. జనం లోపలికి, కొత్త కాలనీకి తరలిపోయారు. పాత ఊరిలో మిగిలినవి మొండిగోడలు. ఆ మనుషులు సముద్రానికి వీపు తిప్పి బతికారని అనడానికి ఎవరికి నోరు వస్తుంది? సముద్రమే వాళ్ళ వీధిలోకి వచ్చింది.

అయితే ఒక చిక్కు ఉంది. వాళ్ళు ‘సముద్రం’ అనే మాట వాడేది తక్కువ. ‘గంగమ్మ’ అంటారు, ‘సంద్రం’ అంటారు. చాలాసార్లు అసలు పేరే పెట్టరు. ‘ఏటకెల్లినాడు’ అంటే చాలు, మనిషి ఎక్కడున్నాడో ఊరందరికీ తెలుస్తుంది. ఏట అంటే వేట. యంత్రానికి ‘వేట’ అనే మాట అందిందనుకోండి, దాన్ని తీసుకుపోయి అడవి, జింక, రాజు, విల్లు ఉన్న కుప్పలో పడేస్తుంది. అది తప్పు కూడా కాదు. అచ్చులో ఉన్న తెలుగులో వేటకు అదే ఎక్కువ వాడుక. ‘ఏట’ అని రాసి ఉంటే అసలు గుర్తే పట్టదు. తెర మీద సముద్రం చీమంత కనిపించడానికి తెలుగు జీవితంలో సముద్రం లేకపోవడం ఎంత కారణమో, సముద్రం మీద బతికేవాడి తెలుగు ఆ కుప్పలో లేకపోవడం కూడా అంత కారణమై ఉండవచ్చు. ఈ రెంటినీ ఆ లెక్క విడదీసి చెప్పలేదు. నా ఫిర్యాదు ఇంతవరకే. దీన్ని యంత్రం మీద కోపంగా ఎవరూ తీసుకోవద్దు.

ఎందుకంటే మన పండితుల్లో కొందరికి ‘డేటా మైనింగ్’ అనే మాట వింటేనే ఒళ్ళు మంట. సాహిత్యం హృదయానికి సంబంధించింది, దాన్ని తూకం వేస్తారా అని అడుగుతారు. తూకం వేయడం ఇవాళ పుట్టింది కాదు. ఇటలీకి చెందిన రోబెర్తో బూసా అనే క్రైస్తవ గురువు 1949లో ఐ.బి.ఎం. కంపెనీ సాయంతో థామస్ అక్వినాస్ రచనల్లోని ప్రతి మాటకూ సూచిక తయారుచేయడం మొదలుపెట్టాడు. కోటికి పైగా మాటలు. అచ్చయ్యేసరికి అది 56 సంపుటాలైంది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ పద్దెనిమిదో శతాబ్దం చివర వచ్చిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలు 85. వాటిలో 12 వ్యాసాలు హామిల్టన్ రాశాడా, మాడిసన్ రాశాడా అని చాలాకాలం వివాదం. మోస్టెలర్, వాలెస్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1964లో ఆ వివాదాన్ని తేల్చిన తీరు చూడండి. వాళ్ళు పెద్ద పెద్ద భావాల జోలికి పోలేదు. ‘అపాన్’ లాంటి చిన్నాచితకా మాటలు ఎవరు ఎంత తరచుగా వాడతారో లెక్కపెట్టారు. రచయిత తన భావాన్ని దాచుకోగలడు గాని తన ఊతపదాన్ని దాచుకోలేడు. లెక్క మాడిసన్ వైపు మొగ్గింది.

మన దగ్గర ఈ పని యంత్రం లేకుండానే జరిగింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘నన్నయ పదప్రయోగ కోశము’ అలాంటిదే. ఏ మాట నన్నయ ఎక్కడ వాడాడో దివాకర్ల వేంకటావధాని ప్రభృతులు చేత్తో ఏరి కూర్చారు. అంతకు ముందు బ్రౌన్ దొర వేమన పద్యాల రాతప్రతులు ఊరూరా సేకరించి, 1829లో 693 పద్యాలు, 1839లో 1164 పద్యాలు అచ్చు వేశాడు. పదేళ్ళలో వేమన అంత పెరిగాడంటే, అందులో వేమనవి ఎన్ని, వేమన మకుటం తగిలించిన ఇతరులవి ఎన్ని అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఇంతవరకూ తేలలేదు. ‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న తగువూ అలాగే ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి అంతటివారు శ్రీనాథుడి పక్షం వహించారు.

ఇలాంటి తగువుల్లో యంత్రం నిజంగా పనికొస్తుందని నా నమ్మకం. ఎర్రన అరణ్యపర్వ శేషాన్ని నన్నయే రాస్తున్నట్టుగా, రాజరాజనరేంద్రుడి పేరనే పూర్తిచేశాడు. నన్నయ నడకతో బయలుదేరి తిక్కన నడకలోకి జారాడని మనం బడిలో చదువుకున్నాం. ఆ జారడం ఎక్కడ మొదలైంది, ఏ మాటల్లో తెలుస్తోంది అని అడిగితే మాత్రం చెవితో విని చెప్పడమే గాని వేలు పెట్టి చూపించినవారు తక్కువ. భాగవతంలో పోతన రాసినవీ, గంగన, సింగన, నారయలు పూరించినవీ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరెవరు ఎక్కడ రాశారో తెలిసిన గ్రంథం గనక యంత్రాన్ని పరీక్షించడానికి అంతకంటే మంచి ఒరపిడి రాయి లేదు. పద్యం కొడితే ఛందస్సు గుర్తించి యతిప్రాసలు చూపించే ‘ఛందం’ లాంటి ఉపకరణాలు మనవాళ్ళే తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. యతి కోసం, ప్రాస కోసం కవి పాదంలో ఇరికించే ‘ఒప్పుగ’, ‘వేడ్క’ వంటి మాటల్లో ఏ కవికి ఏది ఎక్కువ అలవాటో చూడటం ఇప్పుడు ఒక పూట పని. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897 కూర్పునూ 1909 కూర్పునూ పక్కన పెట్టి ఎవరి మాటలు ఎంత పెరిగాయో లెక్క తీయవచ్చు. మధురవాణి పెరిగిందని అందరం అంటాం. ఎంత పెరిగిందో, ఎవరితో మాట్లాడేటప్పుడు పెరిగిందో చెప్పడం విమర్శకు మంచిదే గాని చెడ్డ కాదు. ‘అద్భుతమైన మాండలికం’, ‘జీవం ఉట్టిపడే భాష’ అని రాసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది. నేనూ రాశాను. లెక్క అడిగేవాడు ఒకడుంటే ఆ మాటలు రాసేముందు కాస్త వెనకాడతాం.

ఇక యంత్రానికి తెలుగుతో వచ్చే ఇబ్బందులు చూద్దాం. ఇంగ్లీషులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, లెక్క తేలిక. తెలుగులో ‘వెళ్ళాను’, ‘వెళ్ళానని’, ‘వెళ్ళానంటే’, ‘వెళ్ళాననుకున్నాడు’ అన్నీ ఒకే ధాతువు పిల్లలు. యంత్రానికి నాలుగూ నాలుగు వేరువేరు మాటలు. వాటిని విడగొట్టే పద విశ్లేషణ సాధనాలు హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ ఇతర చోట్లా భాషాశాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కష్టపడి తయారుచేశారు. అవి ప్రమాణ భాషకు బాగా పనిచేస్తాయి. మన ప్రాంతపు కథ ఒకటి నేనే యూనికోడ్‌లో కొట్టి ఒక ఉపకరణానికి అందించి చూశాను. ‘సేప’ కింద ఎర్రగీత పడింది. ‘సూసినాడు’ కింద పడింది. ‘పోనాది’ కింద పడింది. దిద్దమంటే క్షణంలో దిద్దిపెట్టింది. చేప, చూశాడు, పోయింది. కథ శుభ్రంగా ఉంది, కథలో మనిషి లేడు. ఆ పాఠంలో ‘చేప’ ఎన్నిసార్లు వచ్చిందంటే యంత్రం సరైన లెక్కే చెబుతుంది. ఆ మనిషి ఒక్కసారి కూడా ‘చేప’ అనలేదన్న సంగతి చెప్పదు.

దీనికంటే పెద్ద ఇబ్బంది కుప్పది. యంత్రం తవ్వేది మనం పోసిన కుప్పనే. ఆ కుప్పలోకి ఏం వచ్చిందో చూడండి. పెద్ద పత్రికలు, పెద్ద ప్రచురణకర్తలు, ఇటీవలి అంతర్జాల రచనలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు మన అచ్చంతా వేరువేరు కంపెనీల ఫాంట్లలో జరిగింది. ఆ ఫైళ్ళు దొరికినా యంత్రానికి అవి అర్థంలేని గుర్తులు. అంతకు ముందువి సీసపు అక్షరాలతో కూర్చినవి, బొమ్మలుగా స్కాన్ చేస్తే తప్ప దిక్కులేదు. ఆ బొమ్మలోంచి అక్షరాలు పోల్చుకోబోయి యంత్రం ‘వ’ను ‘ప’ అనుకుంటుంది, ‘మ’ను ‘వు’ అనుకుంటుంది, వత్తు అరిగిపోతే వదిలేస్తుంది. బరంపురం నుంచి వేగుచుక్క గ్రంథమాల అపరాధ పరిశోధక నవలలు అచ్చువేసిన కాలం ఉంది. గంజాంలో తెలుగు చదివేవాళ్ళకు తెలుగు పుస్తకం ఇక్కడే తయారైన రోజులవి. అలాంటి పుస్తకాల్లో ఎన్ని కుప్పలోకి చేరాయి? ఇక అచ్చే కాని తెలుగు సంగతి చెప్పనక్కర్లేదు.

ఫ్రాంకో మొరెట్టి అనే ఇటలీ విమర్శకుడు 2000లో ‘దూరం నుంచి చదవడం’ అనే ఊహ ప్రతిపాదించాడు. మనం గొప్పవని చదివేది గుప్పెడు పుస్తకాలు. చదవకుండా మరచిపోయినవి వేలకు వేలు. వాటినన్నిటినీ ఎవరూ కూర్చుని చదవలేరు గనక దూరం నుంచి, లెక్కల ద్వారా చూద్దాం అన్నాడు. ఇందులో ఒక న్యాయం ఉంది. మరుగున పడ్డవాళ్ళకు లెక్కలోనైనా చోటు దొరుకుతుందన్న ఆశ ఉంది. కాని ఆయన చెప్పిన మరుగు, అచ్చయి మరుగున పడ్డవాళ్ళది. అచ్చుదాకా రానివాళ్ళకు దూరం నుంచి చదవడం వల్ల ఒరిగేదేమిటి? దూరం ఇంకొంచెం పెరుగుతుంది, అంతే.

మనకిది కొత్త అనుభవం కాదు. గ్రియర్సన్ దొర 1894 నుంచి 1928 దాకా నడిపిన భాషా సర్వే మద్రాసు రాజధానిని పక్కన పెట్టింది. ఆనాడు మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి మనం ఇటు వచ్చాం. తెలుగు మాండలికాల పరిశోధన అటు ఆంధ్రదేశంలో సాగింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో 1962లోనూ, చేనేత పదాలతో 1971లోనూ వెలువడింది. మహత్తరమైన కృషి. కాని సరిహద్దు గీతకు ఇవతలి ఊళ్ళు దాని పరిధిలోవి కావు. అటు లెక్కలో అటువాళ్ళు, ఇటు లెక్కలో ఒడియావాళ్ళు. మధ్యలో మనం.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తిగారిని తలచుకోకుండా ఉండలేను. ఆయన బతుకులో ఎక్కువ భాగం మన పక్క పర్లాకిమిడిలోనే గడిచింది. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆ పోరాటంలో ఆయన ఆయుధం ఏమిటో అంతగా గుర్తుంచుకోం. అది లెక్క. వాడుక రూపాలు గ్రామ్యాలు, పూర్వులు ముట్టనివి అని గ్రాంథికవాదులు అంటే, ఆయన గొంతు పెంచి ఊరుకోలేదు. పాత వచన గ్రంథాలు, వ్యాఖ్యానాలు, శాసనాలు గాలించి, ఆ రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వందల ఉదాహరణలు తీసి ముందు పెట్టారు. ‘గద్య చింతామణి’ ఆ గాలింపు ఫలితమే. వ్యాకరణం వ్యాకరణం అనే పండితులు తమ సొంత రాతల్లోనే ఎన్ని చోట్ల వ్యాకరణం తప్పారో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో ఏరి చూపించారు. ఇవాళ యంత్రంతో చేస్తున్నామని చెప్పుకునే పని ఇదే.

కాని గిడుగువారు అక్కడితో ఆగలేదు. అసలు ఏ కుప్పలోనూ లేని భాష ఒకటుందని ఆయనకు తెలుసు. సవరలకు లిపి లేదు, పుస్తకం లేదు. ఉన్న పుస్తకాల్లో గాలిస్తే సవర భాషే లేదని తేలేది. ఆయన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. కథలు, పాటలు రాసుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ముందు కుప్ప పోసి, తరవాత లెక్క. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన మనసు కష్టపడి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. వెళ్ళిపోలేని మనం ఇక్కడే ఉన్నాం. ఆయన పద్ధతి అయినా మన దగ్గర మిగలాలి.

సభ తరవాత కొద్ది రోజులకు నేను పొడంపేటవాళ్ళ కొత్త కాలనీకి వెళ్ళాను. ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని వల చిక్కు తీస్తోంది. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు అని ఆమె చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

“ఏటి బాబూ రాస్తన్నావు?” అంది.

“మీ మాటలమ్మా.”

“ఊరే పోనాది. మాటలకేటుంది?” అంది.

పక్కన మనవడు బడి పుస్తకం పట్టుకుని ఉన్నాడు. ఆమె చేతిలో ఉన్నదాన్ని నీవేమంటావురా అని అడిగితే ఒడియా మాట చెప్పాడు. తప్పులేదు. ఆ బడి వాడికి అన్నం పెడుతుంది. కాని ఆ గుమ్మంలో రెండు తరాల మధ్య ఎన్ని మాటలు జారిపోతున్నాయో ఏ తెర మీదా కనపడదు. పోయిన మాట ‘సున్నా సార్లు’ అని కూడా నమోదు కాదు. సున్నా పడాలన్నా ముందు ఆ మాట ఒకటి ఉండేదని ఎవరికైనా తెలియాలి.

ఆ తీరంలో లెక్కలు లేవని కాదు. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టడం 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. అప్పటి నుంచి వాటిని లెక్కపెడుతున్నారు. 2023లో ఆరు లక్షలు దాటాయి. వాటి రక్షణ కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ముఖద్వారం చుట్టూ వేటకు నిషేధం ఉంది. ఆ లెక్క వేసే పద్ధతి గురించి తెలుసుకున్నప్పుడు నాకు గౌరవం కలిగింది. ఒక్కొక్క తాబేలునూ లెక్కపెట్టలేరు గనక తీరాన్ని పట్టీలుగా తీసుకుని, కొన్ని పట్టీల్లో లెక్కించి, మొత్తానికి అంచనా కడతారు. ఏ పట్టీలు, ఎంత వెడల్పు, ఏ రాత్రులు అన్నది అంకెతోపాటు చెబుతారు. సాహిత్యంలో లెక్కలు చెప్పేవాళ్ళనుంచి నేను కోరేదీ ఇదే. ‘తెలుగు కథలో సముద్రం లేదు’ అనకండి. ‘ఫలానా పత్రికల్లో, ఫలానా ఏళ్ళ మధ్య, ప్రమాణ రూపాలుగా దిద్దిన పాఠంలో సముద్రం అనే మాట తక్కువ’ అనండి. చప్పట్లు తగ్గుతాయి, నిజం పెరుగుతుంది.

ఆ యువకుడికి ఈ మాట ఉత్తరం రాశాను. ఆయన మర్యాదస్తుడు. జవాబు రాశారు. ‘మీరు చెప్పినది ఒప్పుకుంటాను. కాని మీ తెలుగు నాకు ఎక్కడ దొరుకుతుంది?’ అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. తప్పు ఆయన ఒక్కడిదే కాదని అప్పుడు తెలిసింది. కుప్పలో మనం లేమని ఫిర్యాదు చేసే మనం కుప్పలో ఏం పోశాం? మన ఇళ్ళల్లో పాత సంచికలు చెదలు తింటున్నాయి. కథలు రాసే మనవాళ్ళే, అచ్చుకు పంపేముందు ‘సేప’ను ‘చేప’గా దిద్ది పంపుతున్నారు. ఎర్రగీత గీయడానికి యంత్రం దాకా ఎందుకు, మన చేతిలోనే ఎర్రకలం ఉంది.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం ప్రారంభించారు. పురస్కారాలుగా వచ్చిన డబ్బు పెట్టి, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని చివరిదాకా పాటుపడ్డారు. 2021లో వెళ్ళిపోయారు. ఇవాళ ఎవరైనా తెలుగు కథ మీద లెక్క తీయగలుగుతున్నారంటే అందులో ఆయనా ఆయన మిత్రులూ మోసిన కట్టల బరువుంది. బరంపురానికీ శ్రీకాకుళానికీ రైలులో కొద్ది గంటల దూరం. మన చిన్న పత్రికల సంచికలు అక్కడికి చేరితే లెక్కలో ఉంటాయి, చేరకపోతే ఉండవు.

అందుచేత ఈ వ్యాసాన్ని ఫిర్యాదుతో కాక ఒక విన్నపంతో ముగిస్తాను. మీ ఇంట్లో పాత తెలుగు సంచికలుంటే పారేయకండి, మాకు తెలియజేయండి. కథ రాస్తే పాత్ర ఎలా మాట్లాడుతుందో అలాగే రాసి పంపండి, దిద్దకండి. చేతిలో ఫోను ఉన్నవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే, పని చేసుకుంటూ చెప్పే మాటలు రికార్డు చేయండి. వలలకు, తెప్పలకు, గాలులకు, చేపలకు మీ ఊరివాళ్ళు వాడే పేర్లు ఒక కాగితం మీద రాసి, ఊరి పేరు, చెప్పినవారి వయసు వేసి పత్రిక చిరునామాకు పంపండి. నెలకు ఒక పేజీ వాటికి కేటాయించాలని సంపాదకులను కోరుతున్నాను. మొదటి విడతగా ఆ ముసలమ్మ చెప్పిన మాటల జాబితా నా దగ్గర సిద్ధంగా ఉంది.